కొలిచి రాసిన స్వేచ్ఛ: బరోక్ టొకాటా గురించి

(పాశ్చాత్య సంగీతం వినే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. రికార్డింగులు వినిపించిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం టొకాటా, అంటే బరోక్ కాలంలో (సుమారు 1600 నుంచి 1750 దాకా) గాలి గొట్టాల ఆర్గాన్, తీగల హార్ప్సికార్డ్ లాంటి మెట్ల వాద్యాల కోసం రాసిన, స్వేచ్ఛగా సాగే ఒక రకం రచన. ఆ పేరు చెప్పగానే మీలో చాలామందికి ఒకే ఒక్క ముక్క చెవిలో మోగుతుంది. ముందు అది వినేద్దాం, ఆ ముచ్చట తీరిపోతుంది.

(బాఖ్ డి మైనర్ టొకాటా, మొదటి నిమిషం)

నవ్వుతున్నారు. పాడుబడ్డ కోట, గబ్బిలాలు, మెట్లు దిగివస్తున్న ఎవరో ముసుగు మనిషి... సినిమావాళ్లు దీన్ని అలా వాడేశారు. అసలు ఇది జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిందేనా అని కూడా ఒక వాదం ఉంది. బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు. మనకు మిగిలిన ముఖ్యమైన పాత ప్రతి యోహానెస్ రింక్ అనే ఆయన ఎత్తి రాసుకున్నది. 1981లో పీటర్ విలియమ్స్ అనే పండితుడు గట్టిగా అనుమానం లేవనెత్తాడు, ఇంకా తెగలేదు. ఆ గొడవలోకి నేను వెళ్లను. ఎవరు రాసినా టొకాటా స్వభావం ఇందులో చక్కగా కనిపిస్తుంది, నాకు అది చాలు.

ఇప్పుడు ఒక పని చేయండి. మళ్లీ వేస్తాను, మీరు తాళం వేయడానికి ప్రయత్నించండి.

(అదే భాగం మళ్లీ)

కుదరలేదు కదా? మొదట ‘ఎ’ (A) అనే స్వరం మీద ఒక చిన్న కుదుపు, ఆగిపోవడం. తర్వాత జరజరా దిగి, సి షార్ప్‌ని తాకి, డి మీద నిలవడం. మళ్లీ మౌనం. అదే మాట కింది స్థాయిలో ఇంకోసారి, ఇంకా కింద మరోసారి. తర్వాత పాదాల కింద డి మోగుతూ ఉండగా, దాని మీద ఒక్కో స్వరం చేరుతూ చెవికి గుచ్చుకునే పెద్ద కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, తయారవుతుంది. అది కాసేపు అలాగే వేలాడి, అప్పుడు విడుతుంది. ఇక్కడ పాట అనదగ్గది ఏదీ లేదు. వాయించే మనిషి వాద్యం మీద చెయ్యి వేసి, అది ఎంత పలుకుతుందో, ఆ గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో చూస్తున్నట్టు ఉంటుంది. బాఖ్ కొత్త ఆర్గాన్ పరీక్షించడానికి వెళ్లినప్పుడు స్టాపులన్నీ, అంటే గొట్టాల వరసల్ని పలికించే పిడులన్నీ, లాగి నిండుగా వాయించేవాడట, దీనికి ఊపిరితిత్తులు బాగున్నాయో లేదో ముందు తెలియాలి అని హాస్యమాడేవాడట. ఈ సంగతి ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ చెప్పాడు. టొకాటా మొదలయ్యే తీరులో ఆ పరీక్ష ఎప్పుడూ కొంత ఉంటుంది.

కొంతసేపటికి ఫ్యూగ్ వస్తుంది. ఒక గొంతు పాటను ఎత్తుకుంటుంది, రెండోది అదే పాటతో వెనకాల చేరుతుంది, తర్వాత మూడోది. ఇక్కడ తాళం నిక్కచ్చిగా వేయొచ్చు. చివర్లో అది మళ్లీ చెదిరిపోతుంది. వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, ఆగుతుంది. తాళం లేని చోటు, తాళం బిగిసిన చోటు, మళ్లీ లేని చోటు. బరోక్ టొకాటా నడక ఇదే.

కర్ణాటక సంగీతం విన్నవాళ్లకి రాగం తానం పల్లవి గుర్తొస్తుంది, అది సహజం. నేనూ ఆ పోలికతోనే మొదలుపెట్టాను. కొంతవరకు పనికొస్తుంది కూడా: తాళం లేని రాగాలాపన, లయ మాత్రం ఉన్న తానం, తాళంలో కట్టిన పల్లవి. కానీ పోలిక రెండు చోట్ల తెగిపోతుంది. మనకి ఆలాపన నుంచి పల్లవి వరకు ప్రయాణం ఒకే దిక్కుగా సాగుతుంది, రాగాలాపనతో కట్టిన నేల మీద పల్లవి నిలబడుతుంది. టొకాటాలో తాళంలోకి వచ్చినవాడు మళ్లీ తాళం వదిలేసి వెళ్లిపోతాడు, మళ్లీ వస్తాడు. రెండో తేడా ఇంకా పెద్దది. మన ఆలాపన అప్పటికప్పుడు పుడుతుంది. టొకాటాలో ఆగడం, తొందరపడటం, తడుముకోవడం, అన్నీ ముందే కాగితం మీద రాసిపెట్టినవి. మనోధర్మంలా వినిపించాలి, కానీ ప్రతి స్వరం రాసే ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. విడిపోతున్నట్టు వినిపించడమే ఈ సంగీతానికి అందం. నిజంగా విడిపోతే మాత్రం అది సంగీతం కాదు, ముక్కల పోగు. మరి దీన్ని దేనితో కలిపి పట్టుకోవాలి? సుమారు నూట ఇరవై ఏళ్లలో నలుగురు ఈ ప్రశ్నకి నాలుగు రకాలుగా జవాబు చెప్పారు. నా ఉద్దేశంలో టొకాటా చరిత్ర అంటే ఆ జవాబుల కథే.

దానికి ముందు వాద్యాల గురించి ఒక మాట. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఒక పక్షి ఈక ముక్క తీగని మీటుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు అంతే. మీటిన క్షణం నుంచీ అది తగ్గిపోవడమే. ఆర్గాన్‌లో మెట్టు వదిలేవరకు స్వరం నిలుస్తుంది, కానీ అక్కడా వేలి బలంతో పెద్దది చేయలేం. పియానో వాయించే పిల్లలు భావం అనగానే గట్టిగా, మెత్తగా అనుకుంటారు. ఈ రెండు వాద్యాల మీద ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది కాలం ఒక్కటే: స్వరాన్ని ఎప్పుడు వేస్తావు, ఎంత ఆలస్యం చేస్తావు, కార్డుని ఒకేసారి కొడతావా, కింది నుంచి పైకి విప్పుతూ వాయిస్తావా, ఎక్కడ ఖాళీ వదులుతావు. శబ్దం పెరగాలంటే స్వరాల సంఖ్య పెంచాలి. ఇందాక డి మీద పేరుకున్న కార్డు అదే పని చేసింది. టొకాటాలో కనిపించే ఈ విచిత్రాలన్నీ వాద్యానికి ఉన్న పరిమితి నుంచి పుట్టినవే అని నా నమ్మకం.

ఇక కథ. పదహారో శతాబ్దం చివర్లో వెనిస్. సెయింట్ మార్క్ చర్చిలో ఆర్గానిస్టు పని సగం కచేరీ, సగం ఉద్యోగం. పాడేవాళ్లకి శ్రుతి అందించాలి, పూజలో ఖాళీలు నింపాలి. గాబ్రియేలీలు, అంటే ఆంద్రేయా, ఆయన తోబుట్టువు కొడుకు జోవాన్నీ, రాసిన, 1593లో అచ్చయిన ఇంటొనాజియోనీలు ఆ పని కోసమే పుట్టిన చిన్న చిన్న ముక్కలు. కొన్ని కార్డులు, వాటి మీద ఒక చేతితో పరుగెత్తే స్వరాలు, అంతే. దీన్ని పెద్దది చేసినవాడు క్లాడియో మెరూలో. అదే చర్చిలో చాలా ఏళ్లు ఆర్గానిస్టుగా ఉండి తర్వాత పార్మా వెళ్లాడు. ఆయన టొకాటాలు 1598, 1604లో రోమ్‌లో రాగిరేకుల మీద చెక్కి అచ్చువేశారు. అప్పటి అచ్చు అక్షరాలతో ఒకే చేతికి అన్ని స్వరాలు, అంత చిన్న విలువల్లో కూర్చడం చాలా కష్టం, అందుకే రాగిరేకు. పరుగు తీసే స్వరాల మధ్య నిదానంగా గొంతులు ఒకదాన్నొకటి అనుకరించే భాగాన్ని పెట్టింది మెరూలోనే. తాళం వదులు, బిగువు అనే జంట అక్కడ స్థిరపడింది.

తర్వాత ఫ్రెస్కోబాల్డీ, నేను చెప్పిన నలుగురిలో మొదటివాడు. ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, పక్షపాతం అనుకోండి. 1583లో ఫెరారాలో పుట్టాడు, 1608 నుంచి రోమ్‌లో సెయింట్ పీటర్స్ ఆర్గానిస్టు. 1615లో టొకాటాల మొదటి పుస్తకం, 1627లో రెండోది. ఆ పుస్తకం పేజీ చూస్తే మనకి కళ్లు తిరుగుతాయి. కుడిచేతికి ఆరు గీతలు, ఎడమచేతికి ఎనిమిది గీతలు, వాటి మీద చీమల బారుల్లా స్వరాలు. అంత కచ్చితంగా చెక్కించి, ముందుమాటలో ఏమన్నాడో చూడండి. వీటిని తాళానికి కట్టుబడి వాయించొద్దు అన్నాడు. ఈ కాలం మాడ్రిగల్ పాటలు (కవితలకి కొన్ని గొంతులతో కట్టినవి) ఎలా పాడుతున్నారో అలా, ఒకసారి నీరసంగా, ఒకసారి చురుగ్గా, అవసరమైతే గాలిలో ఆపేసి కూడా వాయించాలి అన్నాడు. మొదలు నిదానంగా, కార్డుల్ని విప్పుతూ వాయించాలి. స్వరాలు ఒరుసుకునే చోట వాద్యం ఖాళీగా ఉండిపోకుండా మళ్లీ మళ్లీ కొట్టొచ్చు, ఎన్నిసార్లన్నది నీ ఇష్టం. హార్ప్సికార్డ్ శబ్దం చచ్చిపోతుందని తెలిసినవాడి సలహా అది. ఒక పరుగు ముగిసేటప్పుడు చివరి స్వరం ఎంత చిన్నదైనా దాని మీద ఆగాలి, లేకపోతే ఒక మాట ఇంకో మాటలో కలిసిపోతుంది.

వీటన్నిటికంటే నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి ఉంది. టొకాటా మొత్తం వాయించాల్సిన పని లేదట. ప్రతి భాగం విడిగా నిలబడేలా రాశాను, ఎక్కడ ముగింపు వస్తే అక్కడ ఆపేయొచ్చు అంటాడు. చర్చిలో పాదిరీ సిద్ధమైపోతే ఆర్గానిస్టు ఆపాలి కదా, ఆ అవసరం కొంత ఉండొచ్చు. కానీ నిర్మాణం పరంగా ఇది పెద్ద మాట. భాగాలు ఒకదానికొకటి బాకీ లేవు అని రచయితే ఒప్పుకున్నాడు. ఫ్రెస్కోబాల్డీ జవాబు ఇది: కలిపి పట్టుకునేది కాగితం కాదు, వాయించేవాడు. భావం మారే చోట మనిషి ఊపిరి తీసుకునే పద్ధతే దారం.

(ఫ్రెస్కోబాల్డీ, రెండో పుస్తకం, తొమ్మిదో టొకాటా)

విన్నారా, కుడిచెయ్యి ఒక లెక్కలో, ఎడమచెయ్యి ఇంకో లెక్కలో నడిచింది. ఈ ముక్క చివర ఆయన ఇటాలియన్‌లో ఒక వాక్యం రాశాడు, శ్రమ లేకుండా చివరికి చేరలేరు అని. ఆపేయొచ్చని చెప్పిన మనిషే చివరిదాకా వచ్చినవాడిని ఇలా ఆటపట్టిస్తాడు. అదే పుస్తకంలో మూడు, నాలుగు టొకాటాలు పూజలో అప్పాన్ని పైకి ఎత్తే సమయంలో ఆర్గాన్ మీద వాయించడానికి రాసినవి. వాటిలో పరుగు లేదు. నిదానంగా ఒరుసుకునే స్వరాలు, విడీ విడని కార్డులు. కాబట్టి టొకాటా అంటే వేళ్ల వేగం అనుకునేవాళ్లకి నేను ముందు ఇవే వినిపిస్తాను.

ఫ్రెస్కోబాల్డీ శిష్యుడు యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్. స్టుట్‌గార్ట్ వాడు. వియన్నా ఆస్థానం పంపితే 1637లో రోమ్ వెళ్లి నేర్చుకున్నాడు. ఆయన 1649లో, 1656లో చక్రవర్తికి సమర్పించిన చేతిరాత పుస్తకాలు వియన్నాలో ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కోదానిలో ఆరేసి టొకాటాలు. ఫ్రోబెర్గర్ చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచే దారి మళ్లింది. వదులుగా మొదలవుతాడు. ఒక ఫ్యూగ్ లాంటి భాగం వస్తుంది. అది ముగిశాక రెండో ఫ్యూగ్‌కి కొత్త పాట తీసుకోడు, మొదటి పాటనే మూడు లెక్క నడకలోకి మార్చి తెస్తాడు. వినేవాడికి ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది, కానీ వేషం వేరు. దీనితో భాగాల మధ్య చుట్టరికం ఏర్పడింది. ఇక మధ్యలో ఆపేస్తే ఏదో మిగిలిపోతుంది.

అయితే వదులు భాగాలు మాత్రం వదులుగానే ఉంచాడు. ఆయన కొన్ని ముక్కల మీద డిస్క్రెషన్‌తో వాయించాలి అని ఫ్రెంచిలో రాసేవాడు, అంటే తాళం లెక్క నీ వివేకానికి వదిలేస్తున్నాను అని. 1667లో ఆయన పోయాక, ఆయన్ని ఆదరించిన డచెస్ సిబిల్లా ఆ రచనలు బయటికి ఇవ్వడానికి ఇష్టపడలేదు. ఆయన దగ్గర నేర్చుకోనివాళ్లు ఆయనలా ఆ డిస్క్రెషన్‌తో వాయించలేరు అని ఆమె అభ్యంతరం. మనకి గురుముఖతః అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఆమె బాధ తేలిగ్గా అర్థమవుతుంది.

మూడోవాడు బుక్స్టెహూడా. ఉత్తర జర్మనీలోని లూబెక్‌లో సెయింట్ మేరీ చర్చి ఆర్గానిస్టు, 1668 నుంచి 1707లో పోయేదాకా. అక్కడ ఆర్గాన్ పెద్దది, పాదాలతో వాయించే పెడల్ వరసకే బోలెడు గొట్టాలు. ఆయన చేతిలో టొకాటా బాగా పెద్దదైంది: వదులు, ఫ్యూగ్, వదులు, ఫ్యూగ్, వదులు. అన్నీ ఇలాగే ఉండవు కానీ ఆ అయిదు మలుపుల నడక చెవికి అలవాటవుతుంది. ఉత్తర జర్మనీలో ఈ రకం రచనకి అప్పట్లో ఊహాశైలి లాంటి పేరు ఉండేది. అథనాసియస్ కిర్షర్ అనే జర్మన్ పండితుడు 1650లోనే దాని గురించి రాశాడు: మాటలకి కానీ ముందే ఉన్న రాగానికి కానీ కట్టుబడని, అన్నిటికంటే స్వేచ్ఛ ఉన్న పద్ధతి అని. 1739లో మాథెసన్ అనే జర్మన్ సంగీత రచయిత ఇంకా రుచిగా చెప్పాడు. ఒకసారి వేగం, ఒకసారి నిదానం, ఒకసారి ఒకే గొంతు, ఒకసారి ఎన్నో గొంతులు, తాళం ఉండదు, కానీ వినేవాడిని మెప్పించాలి, ముందుకు నెట్టాలి, నివ్వెరపరచాలి అనే ఉద్దేశం మాత్రం ఉంటుంది అన్నాడు. ఉద్దేశం ఉంటుంది అన్న ఆ చివరి మాట ఎవరూ పట్టించుకోరు. బుక్స్టెహూడా జవాబు అందులోనే ఉంది. ఆయనకి పాట చుట్టరికం ఒక్కటే ఆధారం కాదు, టెన్షన్ ఎంతసేపు పట్టి ఉంచాలన్న లెక్క ఉంది. పెడల్ మీద ఒక స్వరం అలా మోగిస్తూ, పైన ఏం జరుగుతుందో అని మనల్ని కూర్చోబెట్టగలడు.

1705 చివర్లో ఇరవై ఏళ్ల బాఖ్ ఆర్న్‌స్టాట్ నుంచి లూబెక్‌కి నడిచి వెళ్లింది ఈయన దగ్గరికే. సుమారు 400 కిలోమీటర్లు. నాలుగు వారాల సెలవు అడిగి నాలుగు నెలలు ఉండిపోయాడు, తిరిగొచ్చాక చర్చివాళ్లు నిలదీశారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, పాటల మధ్య వింత స్వరాలు కలిపి భక్తుల్ని తికమకపెడుతున్నాడని!

(సభలో నవ్వులు)

ఆ తర్వాతి సంవత్సరాల్లో పుట్టినవే ఏడు టొకాటాలు, బాఖ్ రచనల జాబితాలో 910 నుంచి 916 వరకు సంఖ్యలున్నవి. పెడల్ లేకుండా చేతులతోనే వాయించేవి. ఇవి పిల్లల పుస్తకాల్లో ఉండవు, పోటీల్లో తక్కువగా వినిపిస్తాయి, కుర్రతనం ఎక్కువ అని కొందరు పండితులు పక్కన పెడతారు. నేను ఒప్పుకోను. డి మేజర్ టొకాటా, 912, ఒక్కటి తీసుకుంటే చాలు.

మొదట ఈ రచనకి ఆధార స్థాయి అయిన డి మేజర్ స్వరాలు పైకి ఎగబాకుతాయి, కార్డులు వణుకుతాయి. తర్వాత ఉల్లాసంగా తాళంలో నడిచే అల్లెగ్రో. అది ముగిశాక నిదానం, ఎవరో మాట్లాడుతున్నట్టు ఆగి ఆగి సాగే అడాజియో. ఇక్కడిదాకా మామూలే. ఇప్పుడు ఒక ఫ్యూగ్ వస్తుంది, కానీ డి మేజర్‌లో కాదు, ఎఫ్ షార్ప్ మైనర్‌లో. ఇల్లు వదిలి బాగా దూరం వచ్చేశాం. ఆ ఫ్యూగ్ ముగిసిన చోట బాఖ్ ఇటాలియన్‌లో రెండు మాటలు రాశాడు, డిస్క్రెషన్‌తో అని. ఫ్రోబెర్గర్ మాటే!

(డి మేజర్ టొకాటా, ఆ భాగం నుంచి చివరిదాకా)

ఆ వదులు భాగం ఏం చేసిందో గమనించారా? పైకి చూస్తే చేతులు ఏదో వెతుక్కుంటున్నట్టుంది. నిజానికి అది మనల్ని ఎఫ్ షార్ప్ మైనర్ నుంచి ఒక్కో మెట్టూ మార్చుకుంటూ డి మేజర్ గుమ్మం దాకా తెచ్చింది. తలుపు తెరుచుకోగానే గంతులేసే చివరి ఫ్యూగ్. బాఖ్ జవాబు ఇది: ఫ్యూగులు ఉన్నచోట ఉంటాయి, ప్రయాణం చేసేది వదులు భాగాలు. తాళం లేని చోటే అసలు పని జరుగుతోంది. అందుకే వాటిని ఫ్యూగ్‌కి ముందు వచ్చే అలంకారంలా గబగబా వాయించేసేవాళ్లని వింటే నాకు చిరాకు. అక్కడ కార్డు ఎటు తిరుగుతోందో తెలియకుండా వాయిస్తే, చివరి ఫ్యూగ్ ఎంత బాగా వాయించినా అది గాలిలోంచి ఊడిపడినట్టే ఉంటుంది.

తర్వాత బాఖే ఈ జంటని విడదీశాడు. 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే సంపుటిలో ప్రెల్యూడ్ (ముందు వచ్చే ముక్క) వేరు, ఫ్యూగ్ వేరు, మధ్యలో గీత గీసినట్టు. చక్కని ఏర్పాటే, కానీ ఎప్పుడు ఏది విరుచుకుపడుతుందో తెలియని ఆ ఉత్కంఠ పోయింది. 1731లో అచ్చయిన ఆరు పార్టీటాల (ఎక్కువగా నాట్య ముక్కల వరసలు) సంపుటిలో చివరిది, ‘ఇ’ (E) మైనర్‌లోది, టొకాటాతోనే మొదలవుతుంది. అందులో వదులు భాగం, మధ్యలో పొడవాటి ఫ్యూగ్, మళ్లీ మొదటి భాగపు మాటలే తిరిగి రావడం. అంతా చట్రంలో బిగించినట్టు ఉంటుంది. గొప్ప రచన, అందులో సందేహం లేదు. కానీ అక్కడ మధ్యలో ఆపేయడం అన్న ఊహే రాదు. ఫ్రెస్కోబాల్డీ ఇచ్చిన ఆ సెలవు పూర్తిగా రద్దయిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: అప్పటికప్పుడు వాయించేవాళ్లే అయితే, ఇంత శ్రమపడి ఎందుకు రాశారు?

శిష్యుల కోసం, చక్రవర్తులకి సమర్పించడం కోసం, పేరు కోసం. ఆ ఆర్గానిస్టులు రోజూ చర్చిలో వాయించిందాంట్లో రాసింది చాలా తక్కువ, మిగతాది గాలిలో కలిసిపోయింది. రాసినవి నమూనాలు, ఇలా చేయొచ్చు అని చూపించేవి. అందుకే వాటిని బట్టీపట్టి ప్రతిసారీ ఒకేలా వాయిస్తే రచయిత కోరింది జరగదు.

ప్రశ్న: మా అమ్మాయి పియానో నేర్చుకుంటోందండీ. పియానో మీద ఇవి వాయించొచ్చా? ఏది ముందు?

తప్పకుండా వాయించొచ్చమ్మా. బాఖ్ ఏడు టొకాటాల్లో ‘ఇ’ (E) మైనర్‌ది, 914, పెట్టించండి. ఏడింటిలో అది చిన్నవాటిలో ఒకటి. నాలుగు భాగాలు: చిన్న ప్రారంభం, నాలుగు గొంతుల అల్లెగ్రో, అడాజియో, ఆఖరికి మూడు గొంతుల ఫ్యూగ్. చాలామంది ఫ్యూగ్‌తో మొదలుపెట్టిస్తారు, అది వేళ్లకి కష్టం కాబట్టి. మీరు అడాజియోతో మొదలుపెట్టమనండి. మొదట అందులోని పరుగులన్నీ తీసేసి, ఉత్త కార్డులు మాత్రం వరసగా వాయించమనండి, ఏది దేనివైపు లాగుతోందో చెవికి తెలిసేదాకా. ఆ తర్వాత పరుగులు చేర్చాలి. కుడిపాదం పెడల్ వీలైనంత తక్కువ వాడాలి, ముఖ్యంగా ఒక మాట ముగిసి ఇంకో మాట మొదలయ్యే చోట పూర్తిగా ఎత్తేయాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) ఫ్యూగ్‌కి పెట్టుకోవచ్చు, అడాజియోకి మాత్రం అసలు వద్దు.